కరిమీన్ స్కోరు

"సార్, సంతకం పెట్టకముందు ఒక్క మాట," అంది జిషా.

"మాటలు తర్వాత! ముందు అటు చూడు!" ప్రొఫెసర్ పౌలోస్ కుర్చీలోంచి సగం లేచి గోడమీది తెర చూపించాడు. "నాలుగువేల ఏడొందలు! టీ తాగేలోపు మూడొందలు పెరిగింది, మోళే, తల్లీ!"

కొచ్చిలోని ఆ మత్స్య కళాశాలలో ఏ పరిశోధన పత్రానికీ ఆన్‌లైన్ స్కోరు ఇంతవరకు వంద దాటలేదు. ఎందరు పంచుకుంటే అంత స్కోరు. 'కరిమీన్ చేపలకు మొప్పల జబ్బు, నివారణ' అని జిషా ఎక్కించిన పత్రం మాత్రం వారంలో రాష్ట్రమంతా తిరిగింది. కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్న ఆమెకు పర్మనెంటు ఉద్యోగం ఇచ్చే ఉత్తర్వు, నియామక కమిటీ అధ్యక్షుడైన పౌలోస్ ముందే ఉంది.

జిషా పత్రం పెట్టింది ఎవరిది వాళ్లే ఎక్కించుకునే సైటులో. ఎక్కించాక తను తెరిచి చూసుకున్నది ఈ ఉదయమే. పైన పత్రం పేరు సరిగానే ఉంది. లోపల మాత్రం, అత్తగారు చెబుతుంటే టైపు చేసుకున్న కరిమీన్ పొల్లిచ్చదు వంటకం ఉంది. రెండు ఫైళ్లకూ 'కరిమీన్ ఫైనల్' అని పేరు పెట్టింది తనే.

"మంత్రిగారు కూడా పంచుకున్నారు!" పౌలోస్ పక్కన కూర్చున్న కమిటీ సభ్యుడు సనల్ ఫోను పైకెత్తి అరిచాడు. "మన జాలర్లకు వరం అని రాశారు!"

"సార్, ఆ ఫైల్లో..."

"నాకు నచ్చింది నువ్వు చెప్పిన పద్ధతే, టీచర్," అన్నాడు సనల్. " ఎంత వివరంగా రాశావు! ఏ జాలరైనా చదివి చేసేసుకోవచ్చు."

"మీరు చదివారా సార్?"

"రెండుసార్లు!"

"అయిదువేలు!" పౌలోస్ బల్ల చరిచాడు. పడవ పందెంలో సొంత ఊరి పడవ గెలిచినట్టు ఇద్దరూ కేకలేశారు. పౌలోస్ పెన్ను మూత తీశాడు.

జిషా ఉత్తర్వు మీద చెయ్యి అడ్డం పెట్టేసింది.

"సార్, అది పరిశోధన కాదు. వంట. చేపకు మసాలా పట్టించి అరిటాకులో చుట్టి కాల్చడం. పొరపాటున వేరే ఫైలు పెట్టాను."

సనల్ కిటికీ వైపు తిరిగాడు. అంతవరకూ నోరు విప్పని మూడో సభ్యురాలు, లలితాంబిక టీచర్, ఫక్కున నవ్వేసింది.

"వీళ్లలో ఒక్కరైనా తెరిచి చూస్తారేమోనని చూస్తున్నా. మా ఇంట్లో ఆదివారం అదే వండాం. మిరియాలు కాస్త తగ్గించాలి, జిషా."

పౌలోస్ ఫోను తీసి, ఆ పత్రాన్ని మొదటిసారి తెరిచాడు. అరిటాకు దాకా చదివి కళ్లజోడు తీసేశాడు.

"తప్పు నాదే సార్. ఉద్యోగం పోతే పోయింది. ఇప్పుడే దీన్ని తీసేసి అసలు పత్రం పెడతాను," అంటూ జిషా తన ఫోను తీసింది.

పౌలోస్ బల్ల చుట్టూ పరుగెత్తుకొచ్చి ఆ ఫోను లాక్కున్నాడు. నిలబడే గబగబా సంతకం గీకి, ఉత్తర్వు ఆమె చేతిలో పెట్టాడు.

"ముట్టుకోకు మోళే! తీస్తే స్కోరు సున్నా అయిపోతుంది. ఆ అసలు పత్రాన్ని మాత్రం ఎవరికీ చూపించకు!"