మిగిలిన పని

సత్యలక్ష్మి వాళ్ల అమ్మ వడ్డాణం పోయింది బుధవారం. అమ్మ పోయి అప్పటికింకా నలభై రోజులు కాలేదు. జూబ్లీ హిల్స్ కొత్త ఫ్లాట్‌లోకి వాళ్లు సామాన్లు చేర్చింది కూడా ఆ రోజే.

ఆ పనికి ఆమె భర్త వరప్రసాద్ ఏడు పేజీల ప్లాన్ రాశాడు. మంచం ఏ గోడకు, సోఫా ఏ గంటకు, సర్వీస్ లిఫ్టులో ముందు ఏది ఎక్కాలి, పడకగది చెక్కపని ఏ వరసలో సాగాలి, అన్నీ రంగు పెన్నులతో. అతను నిర్మాత. సినిమా సగంలో ఆగి ఏడాది దాటింది గాని, ప్లాన్లు ఆగలేదు.

కృష్ణానగర్ నుంచి వచ్చిన కార్పెంటర్ హనుమంతు ఆ పేజీలు తిరగేసి, "గిట్ల ఉల్టా చేస్తే ఎట్ల సార్?" అన్నాడు.

"నాలుగింటికి ఫోటోగ్రాఫర్ వస్తాడు. ఎదురుగా కనిపించేదే ముందు చెయ్యి. ఫ్రేములోకి రానిది నాకెందుకయ్యా?"

నాలుగింటికి పడకగది మెరిసిపోయింది. ఐదు దాటితే సుత్తి చప్పుడు చేయకూడదని అపార్ట్‌మెంట్ నియమం. మిగిలిన పని రెండు చీటీల మీద రాసి, యజమాని సంతకం చేయించి, ఒకటి గేటు దగ్గర ఇస్తేనే మర్నాడు లోపలికి రానిస్తారు. హనుమంతు రాసి ఇచ్చాడు. వరప్రసాద్ ఫోన్‌లో మాట్లాడుతూనే, చూడకుండా, అభిమానికి ఆటోగ్రాఫ్ ఇచ్చినట్టు సంతకం గీకాడు.

ఆరింటికి అతని కేక వినిపించింది. "లక్ష్మీ! వడ్డాణం లేదు! పొద్దున నువ్విచ్చిన డబ్బా డ్రెస్సింగ్ టేబుల్ మూడో సొరుగులో పెట్టాను!"

ఆమె సొరుగు మీద చెయ్యి వేయబోయింది. అతను అడ్డం వచ్చాడు.

"ముట్టుకోకు, వేలిముద్రలుంటాయి. ఈ గదిలో ఆ కార్పెంటర్ తప్ప ఇంకెవడున్నాడు?"

అంటూ తానే సొరుగులకు అడ్డంగా టేపు అంటించాడు.

మర్నాడు ఎస్సై బెన్‌హర్ ఒక కానిస్టేబుల్‌తో వచ్చాడు. కొత్త సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ ఫిర్యాదు విన్నాడు. ఆ తర్వాత కృష్ణానగర్ వెళ్లి హనుమంతు గదిని కుదిపేశాడు. పనిముట్ల సంచి, బియ్యం డబ్బా, కూతురి స్కూలు బ్యాగు, అన్నీ నేల మీద గుమ్మరించాడు. చొక్కా జేబులోని కాగితాన్ని ఎవరూ విప్పలేదు. వాళ్లు వెతికేది బంగారం. మధ్యాహ్నానికి ఫిల్మ్‌నగర్‌లో అతన్ని మేస్త్రీ అని పిలిచేవాళ్లు లేకుండా పోయారు.

అతన్ని ఫ్లాట్‌కి తీసుకొచ్చారు.

"అది మా అమ్మది, హనుమంతూ. ఇచ్చెయ్యి. కేసు లేకుండా నేను చూస్తాను," అంది సత్యలక్ష్మి.

"నేను తియ్యలేదమ్మా. నా బిడ్డ మీద ఒట్టు." అతను వరప్రసాద్ వైపు తిరిగాడు. "ఏ సొరుగుల పెట్టిన్రు సార్?"

"మూడోది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"తెరిచి పెట్టిన్రా?"

"లేకపోతే గోడలోంచి తోశానా? నా చేత్తో లాగి, డబ్బా పెట్టి, నా చేత్తోనే మూశాను. చూశారా ఎస్సైగారూ, దొంగే దర్యాప్తు చేస్తున్నాడు!"

కానిస్టేబుల్ నవ్వాడు. హనుమంతు నవ్వలేదు.

"గా మాట రాసుకోండి సార్. సంతకం గూడ తీసుకోండి."

బెన్‌హర్ రాశాడు. వరప్రసాద్ ఈసారీ చదవకుండానే సంతకం చేశాడు.

అప్పుడు హనుమంతు జేబులోంచి నలిగిన చీటీ తీసి సత్యలక్ష్మికి ఇచ్చాడు. "మీరు చదవండమ్మా. గేటు కాడ కూడా ఇంకొకటి ఉంది."

ఆమె ముందు కింద ఉన్న భర్త సంతకాన్ని చూసింది. తర్వాత పై వాక్యం అందరికీ వినపడేలా నెమ్మదిగా చదివింది.

"మిగిలిన పని: డ్రెస్సింగ్ టేబుల్‌కు సొరుగుల ముందు పలకలు మాత్రమే మేకులతో కొట్టాను, వాటి వెనక పెట్టెలు ఇంకా ఒక్కటీ బిగించలేదు."