మేనేజరు గారి మెతక మనసు

“డెలివరీ మీ ఆవిడకి కదటోయ్. సెలవు నీకెందుకు?” అన్నాడు మేనేజరు, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా.

“శుక్రవారం ఒక్కరోజు చాలు సార్. తోడు ఇంకెవరూ లేరు. భయపడుతోంది,” అన్నాడు గుమాస్తా.

“డాక్టరుంటాడుగా.” మేనేజరు ఒంటి వేలితో, ఓనమాలు దిద్దే పిల్లాడిలా ప్రతి అక్షరం పైకి అంటూ, దరఖాస్తు కింద జవాబు కొట్టాడు. “కు... ద... ర... దు.”

ఆ నాలుగక్షరాలూ బయట హాల్లో అందరికీ వినిపించాయి. సిబ్బందిలో ఎవరు ఎప్పుడు కుర్చీ వదిలారో కనిపెట్టడానికి ఆయన గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంచుతాడు. సెలవంటే ఆయనకు సొంత ఆస్తి రాసిచ్చినంత బాధ.

“ఇంతకీ రిసెప్షన్లో అమ్మాయేదీ?”

“సెలవులో ఉంది సార్. మీరే ఇచ్చారు.”

మేనేజరు అనుమానంగా పాత దరఖాస్తులు తెరవబోయాడు. పాస్‌వర్డు మళ్లీ అడిగితే కొట్టాడు. నిజమే, తన పేరు మీదే మంజూరై ఉంది. “నా మెతకతనమే నా కొంప ముంచుతోంది,” అని నిట్టూర్చాడు.

అంతలో తెర మీద ఎర్రటి హెచ్చరిక వచ్చింది. లీకైన పాస్‌వర్డుల జాబితాలో మీది నలభై వేలసార్లు కనిపించింది, వెంటనే మార్చుకోండి అని.

“చూశావా, నలభై వేలమంది నన్ను కాపీ కొట్టారు,” అన్నాడు మేనేజరు గర్వంగా.

“కాపీ కాదు సార్. తేలికైంది అందరికీ తడుతుంది. అలాంటివి దొంగలు ముందే పోగేసి పెట్టుకుంటారు.”

గర్వం కాస్తా దిగిపోయింది. “అంటే నా అకౌంట్లోకి ఎవడైనా దూరాడా? దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు కాదు కదా ఇది?”

“అది తెర చెప్పదు సార్. దూరే వీలుందని మాత్రమే అంటోంది. మార్చెయ్యండి, మంచిది.”

“నిన్ను మాత్రం ఎలా నమ్మను? అటు తిరుగు.”

గుమాస్తా బుద్ధిగా గోడవైపు తిరిగాడు. మేనేజరు తనకు అలవాటైన పద్ధతిలోనే, తాపీగా కొత్త పాస్‌వర్డు కొట్టాడు.

“ఇక ఇది నాకూ ఆ దేవుడికీ తప్ప ఎవరికీ తెలీదు. వెళ్లి పని చూసుకో. సెలవు మాట మర్చిపో.”

“అలాగే సార్.”

గుమాస్తా తిన్నగా టీ గదిలోకి వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు.

“ఏమన్నారండీ?” అంది ఆమె.

“భయపడకు. శుక్రవారం పొద్దుటినుంచీ నీ పక్కనే ఉంటా. మా సారు ఎవరికీ కాదనలేరు.”

ఫోన్ జేబులో పెట్టుకుని జేబులోంచి పెన్ను తీశాడు.

గోడ మీది క్యాలెండరు వెనక్కి తిప్పి, రిసెప్షన్ అమ్మాయి చేతిరాతలో ఉన్న పాత పాస్‌వర్డు మీద అడ్డగీత గీసి, కింద ఇప్పుడే విన్నది రాశాడు.