నడిమి దారి

మూడేళ్ల కిందట నా భార్య రాజకుమారి, నేను వద్దంటున్నా గుట్ట ఎక్కి, జారిపడి చనిపోయింది. ఆ మొండితనాన్ని నేనింకా క్షమించలేదు.

మొన్ననే మా అశోక్‌నగర్ ఇంటి పైగదిలో కిరాయికి దిగిన ఫణీంద్ర, అటవీ శాఖ ఉద్యోగం కోసం నడక పరీక్షకు తయారవుతున్నాడు. చీకటి పడ్డాక నన్ను తన గదిలోకి పిలిచి ఫోన్‌లో మూడు గుట్టదారులు చూపించాడు.

"చిన్నది సాలదు సార్. పెద్దది మోకాళ్లు తీస్తది. రేపు నడిమిదే పోత. పన్నెండు కిలోమీటర్లు."

ఆమె పడింది ఆ దారిలోనే.

"ఒక్కనివే పోకు" అన్నాను.

"పరేషాన్ గాకుండ్రి. కింద మెట్ల మీద ఒక అక్క కూసున్నది. ఆమెకు దారి తెలుసట, తోడొస్తనన్నది."

కింద టక్, టక్‌మని వినిపించింది. లోపల తేళ్లుంటాయని బూట్లు రెండుసార్లు నేలకు కొట్టి తొడుక్కోవడం రాజకుమారి అలవాటు.

తలుపుకు గడియ పెట్టాను. అడుగులు మెట్లెక్కుతున్నాయి.

"అక్క వచ్చినట్టున్నది" అంటూ ఫణీంద్ర గడియ మీద చేయి వేశాడు.