వంతెన కింద క్లారినెట్

"ఇవాళ దారిలో ఏం దొరికింది టీచరుగారూ?"

వంతెన కింద మెట్ల మీద కూర్చుని, క్లారినెట్ మూతిని నాలుకతో తడుపుకుంటూ అడిగాడతను. ఆమె చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"లాండ్రీ షాపు ముందు ఒక పెద్దాయన తన చొక్కా తనే పోల్చుకోలేకపోయాడు. ఎవరిదోగానీ భలే ఉందే, అని మెచ్చుకుంటున్నాడు."

అతను పకపకా నవ్వాడు. "వార్త బాగుంది. కవిత ఏదీ?"

ఆమె అక్కడికక్కడే అల్లింది.

"ఉతికి ఇచ్చారు,
నా చొక్కాకే నేను కొత్త."

అతను కళ్ళు మూసుకుని అందుకున్నాడు. వాళ్ళ ఒప్పందం అదే. బడి వదిలాక ఆమె ఊరంతా నడిచి ఒక మాట తేవాలి. దాని మీద అతను అప్పటికప్పుడు ఒక పాట పుట్టించాలి. వాయించిన పాట మళ్ళీ వాయించకూడదు.

పెద్ద ఆపరేషన్ నుంచి కోలుకుని మళ్ళీ క్లారినెట్ పట్టాడని ఆసుపత్రి పేరూ, ఆపరేషన్ తేదీతో సహా పేపర్లో అతని గురించి చిన్న వార్త పడింది. అది చదివి వెతుక్కుంటూ వచ్చిందామె. అప్పటినుంచి మళ్ళీ రాస్తోంది. "వాడు పోయాక కలం ముట్టుకోలేదు నువ్వు. ఈ నడకలేవో నిన్ను మనిషిని చేశాయి. అదే పదివేలు" అంది ఆమె చెల్లెలు.

పాట మధ్యలో ఆగిపోయింది.

"రేపట్నుంచి రాకండి టీచరుగారూ. దీన్ని అమ్మేస్తున్నాను."

ఆమె చటుక్కున అతనివైపు తిరిగింది. "ఎందుకు?"

"మా అన్నయ్య పోరు. చచ్చి బతికావు, ఉన్న కాస్త ఊపిరీ ఈ గొట్టంలో ఊదేస్తావా, అంటాడు."

"డాక్టరేమన్నారు?"

"ఊదితేనే మంచిదన్నారు. అన్నయ్య వింటేగా!" క్లారినెట్‌ను గుడ్డతో తుడిచాడు. "మీకేం లెండి, ఊళ్ళో వాయించేవాళ్ళు బోలెడుమంది. ఇంకొకరి దగ్గర కూర్చుని రాసుకోండి."

"కుదరదు."

క్లాసులో గొంతు అది. అతను ఉలిక్కిపడ్డాడు.

"మీ అన్నయ్య దగ్గరికి నన్ను తీసుకెళ్ళు. నేను మాట్లాడతాను."

"ఏమని?"

"ఊపిరి దాచుకునే వస్తువు కాదని."

"బాగానే ఉంది. అసలు మధ్యలో మీరెవరంటే?"

ఆమె తల దించుకుంది. "వినేదాన్నని చెప్పు."

అతను ఆమెను వింతగా చూశాడు. "ఏం వినడమో! నేను వాయిస్తున్నంతసేపూ దిక్కులు చూస్తారు. ఊపిరి తీసుకోడానికి ఆగానా, కళ్ళు మూసుకుంటారు."

"నా పాదం అక్కడే పూర్తవుతుంది నాయనా."

"మీ కవులతో పడలేం బాబూ! సరే, ఆదివారం రండి ఇంటికి. అన్నయ్య చేత తిట్లు తినే యోగం ఉంటే ఎవరు ఆపగలరు?"

"తింటాను. ముందు అది పూర్తిచెయ్యి."

అతను క్లారినెట్ ఎత్తాడు. వదిలేసిన చోటు పట్టుకుని పాట పైకి లేచింది. దారినపోయే ఇద్దరు ముగ్గురు నిలబడి, క్లారినెట్ మీటల మీద పరుగులు తీస్తున్న అతని వేళ్ళకేసి చూశారు. ఆమె చూపు మాత్రం చొక్కా కింద ఎగసి పడుతున్న అతని రొమ్ము మీదే ఉంది.

ఆ ఊపిరితిత్తులు ఆమె కొడుకువి.