ఎవరో తీసిన అయస్కాంతం

ఆ రాత్రి ఆపరేషన్ బాగానే ముగిసింది. పెద్దాయన ఛాతీలో, గుండె లయ తప్పితే షాకిచ్చి కాపాడే యంత్రం ఉంది. కోతకు వాడే కరెంటుకు అది పొరబడి షాకివ్వకుండా, మత్తు డాక్టరుగా నేనే దానిమీద అయస్కాంతం పెట్టి టేపు వేశాను. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, తీయలేదని. అది ఉన్నంతసేపూ యంత్రం షాకివ్వదు; ఈలోగా గుండె తడబడితే ఆయనకిక దిక్కులేదు. వెనక్కి పరుగెత్తాను.

వార్డులో చప్పుడు లేదు. పెద్దాయన హాయిగా నిద్రపోతున్నారు. నాడి నిలకడగా ఉంది. అయస్కాంతం బల్లమీద ఉంది, పక్కనే నాలుగు మడతలు పెట్టిన టేపు.

“ఎవరు తీశారు సిస్టర్?”

కొత్తమ్మాయి నవ్వింది. “మేడమే సార్. ‘ఈయనింతేనమ్మా, ఇంట్లో గ్యాస్ కూడా నేనే కట్టెయ్యాలి’ అన్నారు.”

నా భార్య పోయి ఆరేళ్ళు.

“ఎటు వెళ్ళారు?”

“కింద మీకోసం ఉంటానన్నారు.”

 జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాను.