జేబులో లవంగాలు

...కనీసం ఆయన దిండు గలీబు మీద ఆ గులాబీరంగు మరక చూసిన రోజైనా అని ఉండాల్సింది. అనలేదు. గలీబుని చన్నీళ్ళలో నానబెట్టి, పనిమనిషి కంట పడకముందే తనే ఉతికి ఆరేసింది.

రేపల్లె ప్యాసింజరు తెనాలి దాటింది. రాహేలు కిటికీ పక్కన కూర్చుంది. ఎదురుగా ఆమె భర్త జ్ఞానానందం. నెల్లాళ్ళ జ్వరానికి మెడ సన్నబడి, చొక్కా కాలరు వదులైపోయింది.

గుండె డాక్టరు మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"చిగుళ్ళు బాగా పాడయ్యాయమ్మా. అక్కడి క్రిములే రక్తంలో కలిసి గుండె కవాటం మీద చేరాయి. జ్వరం తగ్గింది గానీ కవాటం దెబ్బతింది. ఆపరేషన్ తప్పదు. కానీ ముందు ఆ నోరు బాగుపడాలి. అప్పటిదాకా నేను కత్తి పట్టుకోను. ఆలస్యం చేస్తే మనిషి మిగలడు."

రాహేలు కొత్తగా వింటున్నట్టు తలూపింది.

"ఇది ఏళ్ళ తరబడి ఉన్న జబ్బు. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

ఆమె నేల చూసింది. జ్ఞానానందమే అందుకున్నాడు. "మా ఆవిడ తప్పేం లేదండి. పొద్దున పోతే రాత్రికి వస్తది. తన పని తనకే సరిపోద్ది."

అది అబద్ధం కాదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

గమనించకపోవడమేమిటి? పెళ్ళైన వారంలోనే గమనించింది. బాపట్లలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం సూర్యలంక ఇసకలో కూర్చున్నారు. ఆయన ఏదో చెప్పబోతూ దగ్గరికి జరిగాడు. ఆమె మొహం పక్కకి తిరిగింది. తను తిప్పలేదు, దానంతటదే తిరిగింది. ఆ తర్వాత ఆయన నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పటికీ దిగలేదు.

మొహం తిప్పితేనే ఇంత ముడుచుకున్న మనిషి, మాట కూడా అంటే ఏమైపోతాడో అనుకుంది. అలా ఊరుకోవడాన్ని ప్రేమ అనుకుంది. ఇస్త్రీ చొక్కా కొక్కేనికి తగిలించేటప్పుడు జేబులో నాలుగు లవంగాలు వేసేది. ఆయన నమిలేవాడు. ఎందుకని అడిగేవాడు కాదు. చర్చిలో క్వయరు పాడేటప్పుడు, ఆయన పక్కన నిలబడ్డ ఏసుబాబు మెల్లిగా ఒక అడుగు అవతలికి జరగడం వెనక వరసలోంచి కనపడేది. రాహేలు పాటల పుస్తకంలోకి తల దించుకునేది.

ప్రేమేనా అది? ఆయన బాధపడతాడన్న భయమా? కాదేమో. ఆయన బాధపడుతుంటే తను చూడాల్సి వస్తుందన్న భయమేమో.

వేమూరులో చేపలమ్ముకుని తిరిగొస్తున్న పున్నమ్మ ఖాళీ గంపతో ఎక్కింది. బుగ్గలో పొగాకు ముక్క. రాహేలుని చూడగానే గతుక్కుమని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంటి పున్నమ్మా, ఇంకా నములుతూనే ఉన్నావా? ఆ నోరు అద్దంలో ఎప్పుడైనా చూసుకున్నావా?"

"మానేస్తానమ్మా, నీ మీద ఒట్టు. రేపల్లెలో దిగగానే ఊసేస్తా."

"పోయిన నెల కూడా ఇదే ఒట్టు."

"నీ కంట పడకుండా తిరుగుదామంటే మనకున్నది ఈ రైలొకటే కదమ్మా!"

చుట్టూ కూర్చున్నవాళ్ళు గొల్లుమన్నారు. జ్ఞానానందం కూడా నవ్వాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఊళ్ళో ఎవరికైనా మొహం మీదే చెప్పేస్తుంది రాహేలు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషికి చెప్పలేకపోయింది.

ఆమె మందుల సంచి విప్పింది. గుండె డాక్టరు విడిగా రాసిచ్చిన మాత్రలు తీసింది. పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోబోయే ముందు, అరగంటో గంటో ముందుగా, వేసుకోవాల్సిన మాత్రలవి.

"ఇవి ఇప్పుడెందుకు? పళ్ళ డాక్టరు దగ్గరికి రేపో ఎల్లుండో కదా."

"వేసుకోండి."

ఆయన మింగాడు. నీళ్ళ సీసా మూత బిగిస్తూ గొంతు తగ్గించాడు.

"రాహేలూ, నేను తెనాలి పోయి చూపించుకుంటా. అక్కడ నన్నెవరూ ఎరగరు. రేపల్లెలో మాత్రం వద్దు. నాకు సిగ్గు."

"ఎవరి దగ్గర సిగ్గు?"

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. భట్టిప్రోలు వచ్చింది, పోయింది. పల్లికోన దగ్గర రైలు చాలాసేపు ఆగింది. ఆ చేతిని నోటి మీద నుంచి తియ్యగలిగేది తనొక్కతే. పెట్టించింది కూడా తనే.

రేపల్లెలో దిగి ఆటో ఎక్కారు. ఆటో ఇంటి వీధిలోకి తిరగబోతుంటే, బజారు వైపు పోనిమ్మంది రాహేలు. పళ్ళాసుపత్రి ముందు ఆపించింది. షట్టరు దించి ఉంది. ఈ రోజు సెలవని కాగితం అంటించి ఉంది.

జ్ఞానానందం మొహంలో కాస్త ప్రాణం వచ్చింది. "ఈ రోజు సెలవేగా. పద, ఇంటికి పోదాం."

రాహేలు చేతిసంచిలోంచి తాళంచెవి తీసి, తన పేరున్న బోర్డు కింద షట్టరు పైకెత్తి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేసి, గ్లౌజులు తొడుక్కుని, ఇన్నేళ్ళుగా ఊరందరితో అంటున్న మాటని మొదటిసారి తన భర్తతో అంది: "నోరు తెరవండి."