గోడ మీద పసుపు

"జలజా, అక్కదేవతలొచ్చారే!" అని మా అత్తగారు మంగతాయారు వేసిన కేకకి నా చేతిలో కాఫీ ఒలికింది.

అందరిళ్ళల్లోలాగే మా హాల్లోనూ ఒక పంచుకునే గోడ ఉంది. శుక్రవారం పొద్దున్నే దాని మీద ప్రపంచంలో ఎక్కడిదో ఒక శిల్పం పైకి లేస్తుంది. తడిమితే అచ్చం రాయే. ఈ వారం గ్రీకుల పాలరాయి వచ్చింది. గుహ ముందు ముగ్గురు వనకన్యలు చేతులు పట్టుకుని ఆడుతున్నారు, పక్కన మేక కాళ్ళ దేవుడు పిల్లనగ్రోవి ఊదుతున్నాడు.

పసుపు రాసి కొలిచే మన అక్కదేవతలే అనుకుంది కాబోలు, నేను వెళ్ళేసరికే ఆ ముగ్గురికీ ముఖాల నిండా పసుపు, నుదుట బొట్టు!

"అత్తయ్యా, ఎంత పని చేశారు! ఇక్కడ పూసింది అందరి గోడల మీదా అలాగే వచ్చేస్తుంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మన గోడకి ఇక శిల్పాలే రావు!"

ఆవిడ మొహం వాడిపోయింది. వారమంతా ఈ పొద్దు కోసమే ఎదురుచూస్తుంది మరి. "శుక్రవారం పూట ఆడపిల్లల్ని బోసి మొహాలతో ఎలా నిలబెట్టనే?"

తడిగుడ్డ తెచ్చి తుడవబోతుంటే గోడలోంచి ఎవరో గ్రీకు ముసలావిడ గొంతు వినబడింది. గోడే తెలుగు చేసి చెప్పింది. "తుడవకండి! ఒక్క నిమిషం ఆగండి."

కన్యల పాదాల దగ్గర బంగారు రంగు చుక్క ఒకటి ఊరి, మెల్లగా కిందికి జారింది. అత్తయ్య దాన్ని వేలితో అందుకుని, కళ్ళకద్దుకుని, నాలిక మీద వేసుకుంది.

"తేనే! ఆ గ్రీకావిడ తన గోడ మీద నైవేద్యం పెట్టేసిందే!" అంటూ నా చేతిలో గుడ్డ లాక్కుంది. "హారతి పళ్ళెం తే, పరిగెత్తు!"